మామూలు మార్పు

ఎలుకల్ని కోయడం మానేసిన రోజున డాక్టర్ సక్కుబాయి ల్యాబులో అందరికీ మిఠాయిలు పంచింది. ఇరవై రెండేళ్లు! ఎన్ని ఎలుకలు, ఎన్ని కుందేళ్లు! వాటి కాలేయాల్ని ఉల్లిపొర కంటే పలచగా కోసి, రంగులద్ది, గాజు పలకల మీద పరిచి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తూనే ఆమె జుట్టు తెల్లబడింది. పశువుల డాక్టరంటే పశువుల్ని బతికిస్తుందని ఊళ్లోవాళ్లు ఇప్పటికీ అనుకుంటారు. ఆమె చదువు అక్కరకొచ్చింది మాత్రం చచ్చినవాటి కోసం. కొత్త మందు ఏదైనా మనిషి నోట్లో పడేముందు ఏదో ఒక జీవి నోట్లో పడాలి, ఆ జీవిని చంపాలి, దాని లోపల ఏం పాడైందో సక్కుబాయి చూసి రాయాలి. అదీ ఉద్యోగం.

అంతలో 'నీడ' వచ్చింది. ఎలుకల గది ఖాళీ అయింది.

నీడ అంటే పెద్ద మాయేమీ కాదు. మనిషి దగ్గర చిన్న సీసాడు రక్తం తీసుకుంటారు. అందులోని కణాలతోనే కందిబద్దంత కాలేయాన్ని పెంచుతారు. ఆ మనిషి రక్తంలోంచి తీసిన నీరే దానికి తిండి. పెట్టెలో పెట్టి మూత వేస్తే నలభై రోజుల్లో దానికి పదేళ్ల వయసు మీద పడుతుంది. ఆ నలభై రోజులూ కొత్త మందు దాని మీద పోస్తూ పోతే, ఆ మందును పదేళ్లు మింగిన మనిషి కాలేయం ఎలా ఉంటుందో ఇవాళే కళ్లకు కడుతుంది. మనిషికి కష్టం లేదు, ఎలుకకు చావు లేదు. సక్కుబాయి మిఠాయిలు పంచిందంటే పంచదా మరి!

సగం నీడలకు మందు పోస్తారు, సగానికి పోయరు. పోయనివాటిని ల్యాబులో 'ఉత్త నీడలు' అంటారు. మందు నీడల్లో కనబడి, ఉత్త నీడల్లో కనబడని చెడుపు ఏదైనా ఉంటే అది మందు చేసిందన్నమాట. రెండింటిలోనూ సమానంగా కనబడితే మందు తప్పేమీ లేనట్టు. అలాంటిదాన్ని రిపోర్టులో 'మామూలు మార్పు' అని రాసి వదిలేస్తారు. ఎలుకల కాలం నుంచీ ఉన్న పద్ధతే ఇది. ప్రపంచమంతా ఇలాగే చేస్తుంది. సక్కుబాయి కూడా ఎన్ని వందలసార్లు రాసిందో ఆ మాట.

మొదటి పరీక్ష మోకాళ్ల నొప్పుల మాత్ర మీద. దానికి అరవైమంది రక్తం కావాలి. ల్యాబుకు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈదులగట్టు సక్కుబాయి పుట్టినూరు. ఇంకెక్కడికో పోవడమెందుకని, పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేయించి తనే దగ్గరుండి కూర్చుంది. అరటిపండ్లు, బిస్కట్ పొట్లాలు తెప్పించింది. ఊళ్లోవాళ్లు వచ్చి చుట్టూ నిలబడ్డారు కానీ ఎవరూ కుర్చీలో కూర్చోలేదు.

"రక్తమిస్తె బలం పోతదంటరు గదా డాక్టరమ్మా?"

"గింత సీసాకే పోయే బలమా నీది? ఏం గాదు, కూసో" అంది సక్కుబాయి.

అప్పుడు ఆమె తమ్ముడు బాలకిష్టయ్య అందర్నీ తోసుకుని ముందుకొచ్చి చొక్కా చేయి పైకి మడిచాడు. "మా అక్క సూదికి భయపడితె ఇగ నేనేం మనిషిని? అందరు సూడుండ్రి, నేను సస్తే గప్పుడు మీరు ఉర్కుండ్రి" అన్నాడు. అందరూ నవ్వారు. అతని వెనకే డిగ్రీ చదువుతున్న కూతురు రవళి వచ్చి చెయ్యి చాపింది. ఆ తర్వాత వరుస కట్టారు. సీసాల మీద పేర్లు రాయలేదు, అంకెలు వేశారు. ఏ అంకె ఎవరిదో చెప్పే కాగితం బీరువాలోకి వెళ్లి తాళం పడింది. పేరు తెలిస్తే చూపు పక్కదారి పడుతుందనీ, ఎవరిదో తెలియకపోతేనే ఉన్నది ఉన్నట్టు కనబడుతుందనీ ఆ నియమం. సక్కుబాయికి ఆ నియమం మీద గుడ్డి నమ్మకం.

నలభై రోజుల తర్వాత ఆ నీడల్ని కోసి పరిచిన అరవై పలకలు ఆమె బల్ల మీదికొచ్చాయి. మూడోదానికే ఆమె కుర్చీలో నిటారుగా కూర్చుంది. నడిమి రక్తనాళం చుట్టూ కణాలు ఉబ్బి ఉన్నాయి. వాటి నిండా గోధుమరంగు పొడి. అక్కడక్కడా సన్నటి పోగులు మూలల్లో బూజులాగా అల్లుకుంటున్నాయి. "అయ్యో, ఇదేందే?" అని పైకే అనేసింది. తర్వాతి పలకలోనూ అదే. ఆ తర్వాతిదానిలోనూ అదే. కోట్లమంది మింగబోయే మాత్రలో విషముందని తను పట్టేశాననుకుంది. అన్నం కూడా తినకుండా అరవై పలకలూ చూసి, దేంట్లో ఏముందో రాసుకుని, అప్పుడు ఏది మందు నీడో ఏది ఉత్త నీడో చెప్పే జాబితా తెప్పించుకుంది.

మందు నీడలు ముప్ఫైలో ఇరవై ఏడింటికి ఆ చెడుపు ఉంది. ఉత్త నీడలు ముప్ఫైలో ఇరవై ఆరింటికి ఉంది.

"అమ్మయ్య" అనుకుంది సక్కుబాయి. ఆ మాటే అనుకుంది! రెండువైపులా సమానం, కాబట్టి మాత్ర తప్పు లేదు. ఫొటోలు తీసింది. ఉబ్బిన కణాలు, గోధుమరంగు పొడి, బూజు పోగులు, అన్నీ అర పేజీలో పొందికగా వర్ణించి, చివర 'మామూలు మార్పు' అని రాసి సంతకం పెట్టింది. ఏ మందూ మింగని ఇరవై ఆరుగురి కాలేయాలు ఎందుకలా ఉన్నాయని అడగలేదు. అడగడం ఆమె పని కాదు మరి. ఆమెను అడిగింది మాత్ర గురించి, మనుషుల గురించి కాదు. అడిగినదానికి జవాబు చాలా శుభ్రంగా రాసిచ్చింది.

ఏడాదిన్నరకు 'నడవిన్' అనే పేరుతో ఆ మాత్ర బజారులోకి వచ్చింది. బాలకిష్టయ్యకు వరిపొలంలో వంగి వంగి మోకాళ్లు అరిగిపోయాయి. రోజుకొకటి మింగడం మొదలుపెట్టాడు. మందుల దుకాణంలో ఇంకేదైనా ఇస్తానంటే ఊరుకునేవాడు కాదు. "మా అక్క సూసి పాస్ జేసిన గోలి ఉండంగ ఇంకోటెందుకు? గదే ఇయ్యి" అనేవాడు. మోకాళ్లు నిజంగానే తేలికయ్యాయి. ఊళ్లో సగంమందికి అతనే ఆ మాత్ర అలవాటు చేశాడు.

రెండేళ్లు గడిచాయి. ఒకరోజు రవళి ఫోన్ చేసింది.

"అత్తా, నాయినకు కండ్లు పచ్చగైనయ్. పొట్ట గూడ ఉబ్బింది. పసిరి మందు పోయిస్తమంటుంది అమ్మ."

"పసిరి లేదు గిసిరి లేదు, ముందు పట్నం తీస్కరా!" అని కేకలేసింది సక్కుబాయి.

పట్నం పెద్దాసుపత్రిలో అతని కాలేయంలోంచి చిన్న ముక్క తీశారు. అక్కడి పాథాలజిస్టు చిన్నవాడు. సక్కుబాయి ఎవరో తెలుసుకుని తన కుర్చీలోంచి లేచి, "మీరే చూడండి మేడమ్" అని మర్యాదగా పక్కకు జరిగాడు. ఆమె కన్ను పెట్టి చూసింది.

ఉబ్బిన కణాలు. గోధుమరంగు పొడి. బూజు పోగులు ఇప్పుడు గోడల్లా గట్టిపడ్డాయి. ఇలాంటిది ఎక్కడో చూశానే అని వెతుక్కోవలసిన పని కూడా లేకపోయింది. ఎక్కడ చూసిందో, ఏ కుర్చీలో కూర్చుని చూసిందో, ఆ పక్కన ఏం మాట రాసిందో అన్నీ తెలుసు.

"ఏమంటారు మేడమ్?" అన్నాడు ఆ పిల్లడాక్టరు.

ఆమె పలక తీసి అతని చేతిలో పెట్టి బయటికి నడిచింది.

మర్నాడు పొద్దున్నే ల్యాబుకు వెళ్లి, రక్తమిచ్చినవాళ్ల ప్రాణానికి ముప్పుందని రాసి సంతకం పెట్టి బీరువా తెరిపించింది. పేర్ల కాగితం చేతిలోకి తీసుకుంది. పదిహేడు: బాలకిష్టయ్య, ఉత్త నీడ. పద్దెనిమిది: రవళి, ఉత్త నీడ. పాత పలకలు తీసి ఒక్కొక్కటే పెట్టి చూసింది. పదిహేడోది తమ్ముడి ముక్కే, కాస్త లేతగా ఉంది, అంతే. పద్దెనిమిదోదానిలో పోగులు ఇంకా రాలేదు. కణాలు మాత్రం ఉబ్బాయి.

అప్పుడు ఆలోచించింది, నాలుగేళ్ల కింద ఆలోచించవలసినదంతా. నీడకు తిండి ఎవరి రక్తం? ఊళ్లోవాళ్లది. వాళ్ల రక్తంలోకి ఏం వెళ్తోంది? ఈదులగట్టు వాగు పక్కన ఎనిమిది ఫ్యాక్టరీలున్నాయి. బోరునీళ్లు పొద్దున ఒక రంగు, మాపటికి ఇంకో రంగు. నీళ్లు బాగాలేవని జనం ఫిల్టరు నీళ్లు కొనుక్కుంటారు, ఆ ఫిల్టరు వాడు తోడేదీ ఆ బోరునే. ఉత్త నీడ ఉత్తదెప్పుడైంది గనక! ఊరంతా ముందే విషం తాగి ఉంది. మాత్ర కూడా సరిగ్గా అదే చెడుపు చేస్తుంది. ఎన్ని పలకల్లో ఉందనేదే పద్ధతి లెక్క, దేంట్లో ఎంత ముదిరిందో కాదు, అందుకే నీళ్లు చేసిన చెడుపు చాటున మాత్ర చేసే చెడుపు దాక్కుంది. నీళ్లు ఒక్కటే అయితే తమ్ముడి కాలేయం ఇలా కావడానికి పదేళ్లు పట్టాలి. మాత్ర తోడై నాలుగేళ్లకే తెచ్చిపెట్టింది.

కాగితాలన్నీ పట్టుకుని డైరెక్టర్ నరహరి గదిలోకి వెళ్లింది. ఆయన చెడ్డవాడేం కాదు. ఆమె చెప్పిందంతా మధ్యలో అడ్డురాకుండా విన్నాడు, రెండు పలకలూ స్వయంగా చూశాడు, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మాత్ర ఆపించాలి సార్. ఆ రిపోర్టు చెల్లదని పైకి రాద్దాం" అంది సక్కుబాయి.

"ఏమని రాస్తారు?"

"ఉన్నదే రాస్తాను. చెడుపు నాకు కనబడింది. ఉత్త నీడల్లో కూడా ఉంది కాబట్టి మామూలు మార్పని వదిలేశాను. ఊరే రోగిష్టిదని ఇప్పుడు తెలిసింది."

నరహరి తల అడ్డంగా ఊపాడు. "అలా రాస్తే ఫైలు కదలదమ్మా. మీరు చూశారు, రాశారు, ఫొటోలు తీశారు, పద్ధతి ప్రకారం పేరు పెట్టారు. మీ రిపోర్టులో తప్పు లేదు. తప్పులేని రిపోర్టును తిరగతోడే దారి మన నియమాల్లో లేదు. ఊరి నీళ్ల సంగతి మన శాఖదే కాదు. మీ అర్జీని ఆ శాఖకు పంపిస్తారు, వాళ్లు దాన్ని ఇంకెవరికో పంపిస్తారు. ఈలోపు మాత్ర అమ్ముడుపోతూనే ఉంటుంది."

"మరి దారే లేదా?"

"ఒకటుంది." ఆయన కిటికీవైపు తిరిగి చెప్పాడు. "పలకలు చదివిన మనిషి తన చదువే తప్పని రాసివ్వాలి. చెడుపు ఎంత ఉందో నాకు సరిగ్గా కనబడలేదు, పలకలు తప్పుగా చదివాను అని. అప్పుడు అమ్మకం ఆపి బయటివాళ్లతో మళ్లీ చదివించి తీరాలి. వాళ్లు వేరే చోటి రక్తంతో పోల్చి చూస్తారు, నిజం బయటికొస్తుంది. కానీ మీ పేరు పాథాలజిస్టుల రిజిస్టర్‌లోంచి కొట్టేస్తారు. ఇంక జన్మలో పలక ముట్టనివ్వరు."

"కనబడింది సార్ నాకు! కనబడలేదని ఎలా రాయను?"

"ఉన్నమాట రాస్తే ఏమీ జరగదు. లేనిమాట రాస్తే మాత్ర ఆగుతుంది. నేను చెప్పగలిగింది అంతే."

సక్కుబాయి ఇంటికి వెళ్లి రెండు రోజులు తెల్లకాగితం ముందు కూర్చుంది. ఏ చూపుకు లోకమంతా దండం పెట్టిందో ఆ చూపే లేదని తన చేత్తో రాసివ్వాలి. పోనీ అది నిజమైనా బాగుండేది! నిజంగా కనబడకపోయి ఉంటే ఆమెకు ఇంత ఏడుపు ఉండేది కాదు. మూడో రోజు కాగితం మీద రాసింది: 'పలకల్లోని చెడుపు నాకు కనబడలేదు.' సంతకం పెట్టింది. నరహరి ఆ కాగితం తీసుకుంటూ ఆమె మొహంలోకి చూడలేదు.

నెల తిరక్కుండా నడవిన్ అమ్మకం ఆగింది. మళ్లీ చదివినవాళ్లు మాత్ర కాలేయాన్ని చెడగొడుతుందని తేల్చారు. పేపర్లు సక్కుబాయి ఫొటో వేసి, 'కళ్లుండీ చూడలేని డాక్టరమ్మ' అని పెద్దక్షరాలతో రాశాయి. ఆమె పేరు రిజిస్టర్‌లోంచి కొట్టేశారు. నీళ్ల గురించి ఆమె విడిగా పెట్టుకున్న అర్జీకి మాత్రం జవాబే రాలేదు. ఆసుపత్రివాళ్లు బాలకిష్టయ్యను ఇంటికి తీసుకెళ్లమన్నారు. అంటే ఏమిటో అందరికీ తెలుసు.

ఒక పొద్దున ఆమె పేర్ల కాగితం నకలు సంచిలో పెట్టుకుని ఈదులగట్టు బయల్దేరింది. ఆ కాగితం బయటికి తేవడం నేరం. అయితే అవనీ అనుకుంది. చెడుపున్న యాభై మూడు పేర్ల కిందా ఎర్రగీత గీసింది. మొదట తమ్ముడి ఇల్లు.

బాలకిష్టయ్య వాకిట్లో మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చేతులు పుల్లల్లా అయ్యాయి, పొట్ట మాత్రం కుండంత. అక్కను చూసి నవ్వాడు.

"రా అక్కా. పేపర్ల ఏసిండ్రంట గదా నిన్ను. రవళి సదివి ఇనిపిచ్చింది."

"ఔ తమ్మీ."

"పోనియ్ తియ్. కండ్లన్నంక ఒకపారి కనబడ్తది, ఒకపారి కనబడది. కావాలని జేసినవా ఏంది? ఊళ్లె మాటలంటుంటె నేనే కొట్లాడిన. మా అక్క మంచిగ కనబడ్డంక ఇడిసిపెట్టే మనిషి కాదన్న. నువ్ మనసుల పెట్టుకోకు, గోస పడకు."

సక్కుబాయి ఆ మన్నింపు తీసుకుని లేచి వచ్చేయవచ్చు. అడిగేవాడు లేడు. తమ్ముడు ఆ మాట నమ్మే పోతాడు. కానీ గుమ్మంలో రవళి నిలబడి ఉంది, చేతిలో నీళ్ల చెంబుతో.

"రవళిని నాతోటి తోల్కపోత తమ్మీ. ఈ నీళ్లు తాగొద్దు అది. ఇయ్యాల్నే పంపియ్యి."

"ఎందుకు? గోలి బందయింది గదా. ఇదేమన్న గోలి మింగిందా?"

"నీళ్లల్ల గూడ ఉన్నది విషం. దాని కాలేయం గూడ పాడైతుంది. ఇప్పుడు దూరం బోతె బాగైతది."

"దాని లోపల ఏమున్నదో నీకెట్ల ఎర్క? దానికేం ముక్క తియ్యలె గదా దవాఖాన్ల?"

ఆమె మంచం పట్టె పట్టుకుంది. "చూసిన తమ్మీ."

"ఎప్పుడు?"

"నాలుగేండ్ల కింద. మీరు రక్తమిచ్చినప్పుడు."

బాలకిష్టయ్య గోడ నుంచి వీపు తీసి ముందుకు వంగాడు. లోపల మణెమ్మ, అతని పెళ్లాం, గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది.

"మరి నాది?"

"నీది గూడ."

"కనబడలేదని రాసిచ్చినవ్ గదా?"

"అబద్ధం రాసిన. గోలి బంద్ జేయిస్తందుకు. నాకు మంచిగ కనబడ్డది. ఫొటోలు గూడ తీసిన."

"కనబడ్డంక ఏమని రాసినవ్?"

"మామూలే అని."

అతను ఆ పచ్చటి కళ్లతో ఆమెను అలాగే చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే భరించేది సక్కుబాయి. కోపం లేదు. అర్థం కాని లెక్క ముందు పెడితే చిన్నపిల్లాడు చూసినట్టు చూశాడు.

"నా పేరు లేకుండె, సరే. ఆ ముక్క ఎవలో ఒక మనిషిదని ఎర్కనే గదా అక్కా నీకు?"

ఇన్నేళ్ల చదువులో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఆమె ఏడ్చింది. అతను ఊరుకోబెట్టలేదు.

"రవళీ, బట్టలు సదురుకో బిడ్డా" అన్నాడు చివరికి. పిల్ల కదలకుండా నిలబడితే మళ్లీ గట్టిగా అన్నాడు. తర్వాత అక్కవైపు తిరగకుండానే చెప్పాడు: "పిల్లను తోల్కపో. మంచిగ జూస్కో, బతికించు. నేను పోయినంక మాత్రం నువ్ రాకు. నా మొఖం జూడకు."

"సరే తమ్మీ" అంది సక్కుబాయి.

రవళి సంచి తీసుకుని వచ్చి కారెక్కింది. ముందు సీటు ఖాళీగానే ఉంది, అయినా వెనకే కూర్చుంది. సక్కుబాయి కారు తలుపు వేసి, తను ఎక్కకుండా కాగితం తీసి చూసుకుంది. రెండు ఎర్రగీతలయ్యాయి, ఇంకా యాభై ఒకటున్నాయి. కొంగుతో మొహం తుడుచుకుని పక్కింటి తలుపు కొట్టింది.